తెర మీద మాయని మరక: మహిమా? అరుగుదలా?

ఒక ఆచారం ఎందుకు పుట్టిందో మరచిపోయిన తర్వాత కూడా జనం దాన్ని పాటిస్తూనే ఉంటారు. ఇది మనం తరచుగా చెప్పుకునే మాటే. మామూలుగా అయితే ఇలాంటి చర్చకు శకునాల నుంచో, వాస్తు నుంచో, గ్రహణం నాటి పట్టు విడుపుల నుంచో ఉదాహరణలు తెస్తాం. ఈసారి వాటిని పక్కన పెట్టి, అందరి జేబుల్లోనూ ఉండే ఫోను తెర నుంచి ఒక ఉదాహరణ తెస్తున్నాను. నేను ఇంజనీరును కాదు. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషిని. అయితే ఈ విషయం అర్థం కావడానికి ఇంజనీరింగు కన్నా లెక్కల పుస్తకమే ఎక్కువ పనికొస్తుందని ముందే మనవి చేస్తున్నాను.

తెర మీద ఒకే బొమ్మ చాలాకాలం కదలకుండా నిలిచి ఉంటే, దాన్ని తీసేసిన తర్వాత కూడా దాని ఛాయ లీలగా కనిపిస్తూనే ఉంటుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. ఫోను పైభాగాన బ్యాటరీ గుర్తు, కింది భాగాన మూడు బటన్లు, వాట్సాప్ పట్టీ, మ్యాపు చూస్తూ బండి నడిపేవాళ్ల ఫోన్లలో అయితే మ్యాపు చుట్టూ ఉండే చట్రం, ఇలా మిగిలిపోతుంటాయి. కొందరు దీన్ని వైరస్ అంటారు, కొందరు నకిలీ ఫోను అంటారు. ఇంకొందరు ఇంకేదో అంటారు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు చరిత్ర చూద్దాం.

గాజు గొట్టం రోజులు

ఈ జబ్బు ఫోనుతో పుట్టలేదు. జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో కేథోడ్ రే గొట్టాన్ని తయారుచేశాడు. మన పాత టీవీలకూ, పాత కంప్యూటర్ మానిటర్లకూ మూలపురుషుడు అదే. గొట్టం వెనక నుంచి ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి, గాజు లోపలి వైపు పూసిన ఫాస్ఫర్ పొడిని తాకుతాయి. తాకినచోట వెలుగు పుడుతుంది. కానీ ఏళ్ల తరబడి ఒకేచోట దెబ్బలు పడితే ఆ పొడి వెలిగే శక్తి తగ్గిపోతుంది. పక్కనున్న పొడి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. ఈ రెండింటి తేడాయే మచ్చ.

తొలినాటి టీవీ గొట్టాల్లో ఇంకో రకం మచ్చ కూడా ఉండేది. ఎలక్ట్రాన్లతో పాటు బరువైన అయాన్లు కూడా తెర వైపు వచ్చేవి. ఎలక్ట్రాన్లను అటూ ఇటూ తిప్పే అయస్కాంతం ఈ బరువైన వాటిని పెద్దగా తిప్పలేకపోయేది. దాంతో అవన్నీ తెర మధ్యలోనే పడి అక్కడ ఒక గోధుమరంగు మచ్చను మిగిల్చేవి. కారణం తెలిశాక మందు కూడా దొరికింది. ఎలక్ట్రాన్ తుపాకీని కొంచెం వంచి అమర్చి, అయస్కాంతంతో ఎలక్ట్రాన్లను మాత్రం దారికి తెచ్చి, అయాన్లను పక్కకు పోనిచ్చారు. తర్వాత ఫాస్ఫర్ వెనక పల్చటి అల్యూమినియం పూత వేశారు. ఆ మచ్చ పోయింది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, మచ్చను తుడవడానికి ఎవరూ ప్రయత్నించలేదు. అది ఎందుకు పడుతోందో కనుక్కున్నారు, అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు మా కార్యాలయంలోకి ఆకుపచ్చ అక్షరాల మానిటర్లు వచ్చాయి. రోజంతా వాటి మీద ఒకే మెనూ ఉండేది: జీతాల బిల్లు, ప్రావిడెంట్ ఫండు, పెన్షను, ప్రయాణ భత్యం. రెండు మూడేళ్లు గడిచేసరికి మానిటర్ ఆపేసినా సరే, పగటి వెలుతురులో ఏటవాలుగా చూస్తే ఆ మెనూ మసకగా చదవడానికి వీలయ్యేది. మా అటెండరు ఒకాయన "కరెంటు పోయినా దీనికి జ్ఞాపకం పోలేదు సార్" అనేవాడు. మాట బాగుంది గానీ అది జ్ఞాపకం కాదు, అరుగుదల. గుడి మెట్టు మధ్యలో పడే గుంట ఎలాంటిదో ఇదీ అలాంటిదే. భక్తుల పాదాలను మెట్టు గుర్తు పెట్టుకోదు, అరుగుతుంది.

వీడియో ఆటల దుకాణాల్లో కూడా ఇదే కథ. 1980లో వచ్చిన ప్యాక్-మ్యాన్ ఆట యంత్రాల్లో, ఆ ఆట గోడల గీతలు తెరలో శాశ్వతంగా మిగిలిపోయేవి. అటారీ కంపెనీ 1979లో తెచ్చిన ఇంటి కంప్యూటర్లలో, కొన్ని నిమిషాల పాటు ఎవరూ మీట నొక్కకపోతే తెర రంగులు వాటంతటవే మారుతూ పోయే ఏర్పాటు పెట్టారు. ఒకే రంగు ఒకేచోట నిలవకుండా చేయడమే దాని ఉద్దేశం.

స్క్రీన్‌సేవర్ అనే ఆచారం

ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. దాని ఏకవర్ణ మానిటర్‌కు కూడా ఈ బెడద తప్పలేదు. జాన్ సోచా అనే ప్రోగ్రామర్ 1983 డిసెంబరులో సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో ఒక చిన్న ప్రోగ్రామును అచ్చువేయించాడు. మూడు నిమిషాల పాటు ఎవరూ ఏ మీటా నొక్కకపోతే అది తెరను నల్లగా చేసేస్తుంది. మీట నొక్కగానే తెర తిరిగి వస్తుంది. స్క్రీన్‌సేవర్ పుట్టుక ఇదే. బొమ్మలు లేవు, ఆటలు లేవు. చీకటి ఒక్కటే. నిజానికి తెరను కాపాడటానికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

తర్వాత ఏమైంది? 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ వాళ్లు ఆఫ్టర్ డార్క్ అనే ప్యాకేజీ తెచ్చారు. రెక్కలున్న బ్రెడ్ టోస్టర్లు తెరమీద ఎగురుతుంటే ప్రపంచమంతా ముచ్చటపడింది. విండోస్ 3.1తో 1992లో నక్షత్రాలు, పాకే అక్షరాలు వచ్చాయి. ఆ తర్వాత పైపులు, ఇటుక గోడల చిట్టడవి. మా కార్యాలయంలో పాకే అక్షరాలకు విపరీతమైన గిరాకీ ఉండేది. ఒక్కో గుమస్తా తన కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు తెర మీద తన ఇష్టదైవం పేరు పాకించేవాడు. రక్షించే పని వెనక్కి పోయి, అలంకారం ముందుకు వచ్చింది.

ఇంకొంతకాలానికి మానిటర్లు మారాయి. ఫాస్ఫర్లు మెరుగయ్యాయి. తెర మీద రంగురంగుల కిటికీలు వచ్చి, ఒకే మెనూ నెలల తరబడి ఉండే పద్ధతి పోయింది. బర్న్-ఇన్ భయం చాలా తగ్గింది. 1992లో అమెరికా పర్యావరణ సంస్థ ఎనర్జీ స్టార్ అనే గుర్తును ప్రవేశపెట్టింది. 1993లో, పని లేనప్పుడు మానిటర్‌ను నిద్రపుచ్చడానికి ఒక ప్రమాణం కూడా వచ్చింది. అయినా మనవాళ్లు స్క్రీన్‌సేవర్‌ను వదల్లేదు. కారణం అడిగితే "కంప్యూటర్‌కు రెస్టు సార్" అనేవాళ్లు. పైపులు అల్లుతూ గోడలు తిప్పుతూ ఉన్న కంప్యూటర్‌కు రెస్టెక్కడిది! ఒక చిన్న లెక్క చూడండి. 80 వాట్ల మానిటర్‌ను సాయంత్రం నుంచి పొద్దున దాకా 15 గంటలు వదిలేస్తే 1.2 యూనిట్లు. ఏడాదికి 300 రాత్రులు వేసుకుంటే 360 యూనిట్లు. ఒక్క మానిటర్‌కే ఇంత. రక్షణ కోసం పుట్టిన వస్తువు ఖర్చుగా మారింది. ఖర్చు కనిపించదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆచారాన్ని మంచి పనికి మళ్లించినవాళ్లూ లేకపోలేదు. 1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ వాళ్లు సెటీ ఎట్ హోమ్ మొదలుపెట్టారు. ఖాళీగా ఉన్న ఇంటి కంప్యూటర్లు స్క్రీన్‌సేవర్ రూపంలో రేడియో టెలిస్కోపు సంకేతాలను జల్లెడ పట్టేవి. గ్రహాంతరవాసుల జాడ దొరకలేదు. 2020 మార్చి ఆఖరున కొత్త పని పంచడం ఆపేశారు. దొరకలేదని నిజాయితీగా చెప్పడం కూడా సైన్సే.

ప్లాస్మా, ఎల్‌సీడీ

గాజు గొట్టం తర్వాత వచ్చిన చదును తెరల్లో ప్లాస్మాకు పాత జబ్బే ఉంది. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ దీన్ని కనిపెట్టారు. తర్వాత వచ్చిన రంగుల ప్లాస్మా టీవీల్లోనూ ఫాస్ఫరే వెలగాలి కాబట్టి, రోజంతా వార్తా చానల్ పెడితే చానల్ గుర్తు మూలన మిగిలిపోయేది. బొమ్మను కనిపించీ కనిపించనట్టుగా అటూ ఇటూ జరిపే కిటుకు పెట్టారు. 2014 నాటికి పెద్ద కంపెనీలు ప్లాస్మా తయారీకి స్వస్తి చెప్పాయి.

ఎల్‌సీడీ సంగతి వేరు. అందులో బొమ్మ తనంతట తాను వెలగదు. వెనక ఒక దీపం ఉంటుంది, ముందున్న ద్రవ స్ఫటికాలు తలుపుల్లాగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. దీపం అందరికీ ఒక్కటే కాబట్టి అరిగినా అంతటా ఒకేలా అరుగుతుంది. ఎల్‌సీడీలోనూ ఒక్కోసారి ఛాయ నిలుస్తుంది. ద్రవంలోని కొద్దిపాటి మలినాల అయాన్లు ఒక పక్కకు చేరి, తలుపు సరిగా మూసుకోకుండా చేస్తాయి. ఇది చాలావరకు తాత్కాలికం. తెర ఆపి కొన్ని గంటలు వదిలేస్తే, లేదా వేరే బొమ్మలు ఆడిస్తే, తగ్గిపోతుంది. ఈ తాత్కాలికపు ఛాయనూ, శాశ్వతపు అరుగుదలనూ ఒకే గాటన కట్టడం వల్లనే, తర్వాత చెప్పబోయే నకిలీ వైద్యం బతుకుతోంది.

ఓఎల్ఈడీ: జబ్బు తిరిగొచ్చింది

ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1987లో ఒక పరిశోధన ప్రకటించారు. రెండు పల్చటి సేంద్రియ పొరలను ఒకదానిపై ఒకటి వేసి, తక్కువ వోల్టేజీతో వెలుగు పుట్టించారు. ఓఎల్ఈడీ యుగం అక్కడ మొదలైంది. 1997లో జపాన్ కంపెనీ పయొనీర్ కారు స్టీరియోకు ఇలాంటి తెర పెట్టింది. 2007లో సోనీ టీవీ తెచ్చింది. 2010లో శాంసంగ్ గెలాక్సీ ఎస్ వచ్చాక అమోలెడ్ అనే మాట మన సెల్లు దుకాణాల్లో కూడా వినపడింది. 2017లో ఐఫోన్ కూడా ఈ దారిలోకే వచ్చింది.

ఓఎల్ఈడీలో వెనక దీపం లేదు. ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల చిన్న గడులు తమంతట తామే వెలుగుతాయి. నలుపు కావాలంటే ఆరిపోతాయి. అందుకే నలుపు అంత చిక్కగా ఉంటుంది. అందుకే జబ్బు కూడా తిరిగొచ్చింది. ఎవరి దీపం వాళ్లదైనప్పుడు ఎవరి అరుగుదల వాళ్లదే.

కరెంటు ప్రవహిస్తున్నప్పుడు సేంద్రియ అణువు శక్తిని పొంది, దాన్ని వెలుగుగా వదులుతుంది. ఎప్పుడో ఒకసారి వెలుగు వదిలే బదులు ఆ అణువులోని బంధమే తెగిపోతుంది. తెగిన ముక్క తాను వెలగదు సరికదా, పక్కవాటి శక్తిని కూడా మింగుతుంది. నీలానికి ఈ ప్రమాదం ఎక్కువ. ఎరుపు కాంతి కణానికి దాదాపు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే, నీలానిది దాదాపు 2.7. అంత శక్తిని మోసే అణువులో బలహీనమైన బంధాలు నిలవడం కష్టం. ఎరుపు, ఆకుపచ్చలకు మెరుగైన ఫాస్ఫరెసెంట్ పదార్థాలు దొరికినా, నీలానికి మన్నిక కుదరక ఏళ్ల తరబడి పాత రకం పదార్థాలతోనే నెట్టుకొచ్చారు. చాలా ఫోన్లలో నీలపు గడులను పెద్దవిగా వేయడానికి ఒక కారణం ఇదే. విస్తీర్ణం పెరిగితే చదరానికి పడే భారం తగ్గుతుంది.

కంపెనీలు కూడా దీన్ని దాచలేదు. ఐఫోన్ టెన్ వచ్చినప్పుడు, దీర్ఘకాలం వాడితే ఇలాంటి మార్పులు రావచ్చని, అవి సహజమేనని ఆపిల్ తన సమాచారంలోనే రాసుకుంది. అదే 2017లో గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్ఎల్ ఫోన్లలో కొద్దివారాలకే ఛాయలు కనిపిస్తున్నాయని గొడవ జరిగింది. గూగుల్ వారంటీని రెండేళ్లకు పెంచింది. గరిష్ఠ వెలుగును 50 నిట్లు తగ్గిస్తూ, కింది బటన్లు కాసేపటికి మసకబారేలా అప్‌డేట్ ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన గెలాక్సీ ఎస్8లో హోమ్ బటన్ తనంతట తాను కాస్త కాస్త జరుగుతూ ఉండేది. పాత ప్లాస్మా కిటుకే అది. ఇటీవల రెండు వెలిగే పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి భారాన్ని పంచే పద్ధతి వచ్చింది. 2024 ఐప్యాడ్ ప్రోలో అలాంటి తెరే ఉంది.

లెక్కల పుస్తకంలో ఇదెక్కడ?

కామర్సు చదివినవాళ్లకు తరుగుదల తెలుసు. యంత్రం ఏడాదికింత అని సమానంగా తరుగు వేయడం ఒక పద్ధతి. ఎన్ని గంటలు నడిస్తే అంత తరుగు వేయడం ఇంకో పద్ధతి. ఫోను తెర రెండో రకం. తెర మొత్తం ఒక ఆస్తి కాదు. లక్షల కొద్దీ చిన్న ఆస్తులు, ఒక్కోదానికీ ఒక్కో పద్దు. పైపట్టీలోని బ్యాటరీ గుర్తు రోజుకు 6 గంటలు వెలిగితే ఏడాదికి 2,190 గంటలు. పక్కనున్న చుక్క అందులో సగమే వెలిగితే 1,095 గంటలు. మనకు కనిపించే మచ్చ ఈ రెండు పద్దుల తేడా మాత్రమే. అందుకే నేను బర్న్-ఇన్‌ను తెరకు కొత్తగా అంటుకున్నదేదో అనుకోవద్దంటాను. అక్కడ అదనంగా చేరిందేమీ లేదు. కొంత వెలుగు తగ్గింది, అంతే. పక్కపక్కనున్న రెండు వెలుగుల మధ్య ఒకటి రెండు శాతం తేడానైనా, అంచు పదునుగా ఉంటే, మన కన్ను పట్టేస్తుంది. అందుకే ఇంత చిన్న తరుగు కూడా ఇంత పెద్దగా కనిపిస్తుంది.

ఇంకో లెక్క. వెలుగు పెంచినకొద్దీ ఆయుష్షు అదే నిష్పత్తిలో కాదు, అంతకన్నా వేగంగా తగ్గుతుంది. ఓఎల్ఈడీ పదార్థాల్లో ఆయుష్షు వెలుగు యొక్క సుమారు 1.5 నుంచి 2వ ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే వెలుగు సగం చేస్తే ఆయుష్షు రెట్టింపు కాదు, దాదాపు 2.8 నుంచి 4 రెట్లు అవుతుంది. ఇంత వడ్డీ ఇచ్చే డిపాజిట్టు ఏ బ్యాంకులోనూ లేదు!

మా కాలనీలో "ప్రత్యక్షం"

ఇప్పుడు ఆ "ఇంకేదో" అనేవాళ్ల సంగతి. కొంతకాలం క్రితం మా కాలనీలో ఒక ఇంట్లో ఫోనులో కృష్ణుడు ప్రత్యక్షమయ్యాడని వార్త పుట్టింది. ఆ ఇంటి పెద్దావిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. కొడుకు తన పాత ఫోనును పూజగదిలో స్టాండు మీద పెట్టి, చార్జింగ్‌లో ఉన్నంతసేపూ తెర ఆరకుండా సెట్టింగు మార్చి, నీలిరంగు ముఖంతో ఉన్న కృష్ణుడి బొమ్మను వాల్‌పేపరుగా పెట్టి ఇచ్చాడు. ఏడాదిన్నర తర్వాత అదే ఫోనులో మనవరాలి పెళ్లి వీడియో చూపించబోతే, వీడియో వెనక నుంచి ముఖం కనిపించింది. వచ్చిపోయేవాళ్లు కొబ్బరికాయలు తేవడం మొదలైంది. అంతటితో ఆగినా బాగుండేది. ఎవరో ఒకాయన వచ్చి, ఆ ఫోనుకు హోమం చేయించి ప్రతిష్ఠ చేయాలని, 25 వేలు అవుతుందని చెప్పి వెళ్లాడు. పెద్దావిడకు వచ్చేది కుటుంబ పెన్షను. ఆ డబ్బు విలువ నాకు బాగా తెలుసు. అలాంటి పెన్షను కాగితాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది.

నేనూ, మరో ఇద్దరు మిత్రులూ వెళ్లాం. వాదన పెట్టుకోలేదు. ఫోను చూడకముందే ఒక కాగితం మీద మూడు మాటలు రాసి, మడిచి, పెద్దావిడ చేతికిచ్చాను.

"పిన్నిగారూ, ఇది మీ దగ్గరే ఉంచండి. ఫోను చూశాక విప్పుదాం" అన్నాను.

ఆమె అనుమతితో ఫోనులో ఒట్టి బూడిదరంగు తెరను పెట్టాం. తర్వాత ఒట్టి ఎరుపు, ఒట్టి ఆకుపచ్చ, ఒట్టి నీలం. అందరూ చూశాక కాగితం విప్పి ఆవిడ మనవడే పైకి చదివాడు.

ఒకటి: నీలి కృష్ణుడు బూడిదరంగు తెర మీద పసుపుపచ్చగా కనిపిస్తాడు. ముఖం చీకటిగా, నల్లని జుట్టు ఉన్నచోటు వెలుగుగా, ఫొటో నెగటివ్‌లా ఉంటుంది.

రెండు: ముఖంతో పాటు పైన చార్జింగ్ గుర్తు కూడా ఉంటుంది. గడియారం అంకెలు కలగాపులగమై ఎనిమిదిలాంటి మసకగా మారతాయి గానీ, గంటకూ నిమిషానికీ మధ్యనుండే రెండు చుక్కలు మాత్రం స్పష్టంగా ఉంటాయి.

మూడు: నీలపు తెర మీద ముఖం బాగా కనిపిస్తుంది, ఎరుపు తెర మీద తక్కువగా కనిపిస్తుంది.

మూడూ నిజమయ్యాయి. ఇందులో నా గొప్పేమీ లేదు. పైన చెప్పిన సిద్ధాంతం తెలిస్తే ఎవరైనా రాయగలరు. నీలం అరిగితే మిగిలేది పసుపు. వెలిగిన చోటు అరుగుతుంది, ఆరిన చోటు మిగులుతుంది. అంకెలు మారుతూ ఉంటాయి, రెండు చుక్కలు మారవు. మహిమ అనే వివరణ ఈ మూడింటిలో ఒక్కటి కూడా ముందుగా చెప్పలేదు. దేవుడు ప్రత్యక్షమైతే చార్జింగ్ గుర్తు ఎందుకు ప్రత్యక్షమైనట్టు? ఈ ప్రశ్న నేను అడగలేదు. ఆ మనవడే అడిగాడు.

గదిలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నారని చెప్పను. ఒకాయన "మెషీన్ ద్వారానే ఆయన రావాలనుకున్నాడేమో" అన్నాడు. పెద్దావిడ మాత్రం కాసేపు ఆలోచించి, "నాయనా, ఆయన ముఖం అక్కడ ఉండటం నాకిష్టమే. ఉండనీ. డబ్బు మాత్రం ఇవ్వను. అది పిల్ల చదువుకుంటుంది" అంది. నాకు అది చాలు. నమ్మకాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవడం మా పని కాదు. ఆమె చేతిలోని 25 వేలు ఇంకొకరు లాక్కోకుండా చూడటం మా పనే.

మరమ్మతు పేరిట

మహిమ వ్యాపారం ఒక రకమైతే, మరమ్మతు వ్యాపారం ఇంకో రకం. బర్న్-ఇన్ పోగొడతామంటూ రంగులు గబగబా మార్చే యాప్‌లు, గంటల కొద్దీ నడిచే వీడియోలు ఉన్నాయి. నాకు తెలిసిన ఒక ఆటో అబ్బాయి ఫోనులో మ్యాపు పట్టీ మిగిలిపోతే, ఒక దుకాణంలో "వైరస్ ఉంది, సాఫ్ట్‌వేర్ కొట్టాలి" అని 600 రూపాయలు తీసుకున్నారు. పట్టీ అలాగే ఉంది. అరిగిన అణువులను సాఫ్ట్‌వేర్ తిరిగి అతికించలేదు. టైరు అరిగితే కారు కడిగినట్టే ఇదీనూ.

మరి ఆ యాప్‌లు పనిచేశాయని చెప్పేవాళ్లున్నారే? ఉన్నారు. పసరు మందుతో కామెర్లు తగ్గాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. చాలా రకాల కామెర్లు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, కీర్తి పసరుకు దక్కుతుంది. అలాగే ఎల్‌సీడీలోని తాత్కాలికపు ఛాయ దానంతటదే పోతుంది, కీర్తి యాప్‌కు దక్కుతుంది. తగ్గనివాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు.

ఓఎల్ఈడీ మీద ఈ వీడియోలు చేసేది ఇంకొకటి ఉంది. అరగని చుక్కలను కూడా గంటల తరబడి గట్టిగా వెలిగించి అరగదీస్తాయి. అప్పుడు తేడా కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. ఒక ఆస్తి విలువ పడిపోయిందని, మిగతా ఆస్తులన్నిటి విలువనూ తగ్గించి పద్దు సరిచేసినట్టు! ఏ ఆడిటరూ దీన్ని లాభం అనడు.

కొన్ని తెరల్లో తయారీదారులే పెట్టిన సర్దుబాటు ఉంటుంది. ఏ చుక్క ఎంత అరిగిందో అంచనా కట్టి, దానికి కాస్త ఎక్కువ కరెంటు ఇచ్చి వెలుగును సమానం చేస్తుంది. ఇది నిజమైన పనే. కానీ ఇదీ అరిగినదాన్ని తిరిగి తేదు, మిగిలిన ఆయుష్షులోంచి అప్పు తెస్తుంది. తెర మీద నిలువుగా వచ్చే ఆకుపచ్చ గీత బర్న్-ఇన్ కాదు. అది తెరకు సంకేతాలు మోసే భాగాల లోపం. రెండింటినీ కలపొద్దు.

చేయగలిగింది

ముందు జబ్బేమిటో తేల్చుకోండి. ఒట్టి బూడిదరంగు బొమ్మను తెర నిండా పెట్టి చూడండి. ఛాయ కనిపిస్తే ఫోను ఆపి ఒక రాత్రి వదిలేయండి. పొద్దునకు పోతే అది తాత్కాలికం, మందు అక్కర్లేదు. పోకపోతే అరుగుదల. దానికి ఉన్న ఒకే మరమ్మతు తెర మార్పించడం. ముందు వారంటీ కాగితం చదవండి, తర్వాత తెర ఖరీదును ఫోను ఇప్పటి విలువతో పోల్చి చూడండి. చూపుకు అడ్డు రానంత చిన్న మచ్చయితే, దానితోనే కాలం గడపడం తప్పు కాదు.

రాకుండా చూసుకోవడమే చవక. అవసరమైనంత వెలుగే పెట్టుకోండి. తెర 30 సెకన్లకో నిమిషానికో ఆరిపోయేలా ఉంచండి. ఓఎల్ఈడీ ఫోనులో నల్లని నేపథ్యం వాడితే ఆ చుక్కలు ఆరిపోయి ఉంటాయి, ఆరినవి అరగవు. కింద మూడు బటన్ల బదులు వేలితో జరిపే పద్ధతికి మారితే ఒక శాశ్వతపు పట్టీ తగ్గుతుంది. వేడి అరుగుదలను పెంచుతుంది కాబట్టి, బండి మీద మ్యాపు పెట్టేవాళ్లు ఫోను నేరుగా ఎండలో ఉండకుండా చూసుకోవాలి. దారి తెలిసినచోట మ్యాపు ఆపేయాలి. దుకాణంలో క్యూఆర్ కోడును ఫోనులో వెలిగించి ఉంచకండి, అచ్చు కాగితం ఉంది. పూజగదిలోనో, గోడమీదో రోజంతా ఒకే బొమ్మ వెలగాలనుకుంటే పాత ఎల్‌సీడీ ఫోను వాడండి, లేదా పటమే పెట్టుకోండి. పటం కరెంటు కూడా తినదు.

ఇక మొదట్లో అన్న మాటకు వస్తాను. గాజు గొట్టం కాలంలో తెరను ఆర్పడానికి కారణం ఉండేది. ఎల్‌సీడీ వచ్చాక కారణం పోయింది, ఆచారం మిగిలింది. ఓఎల్ఈడీతో కారణం తిరిగొచ్చింది, అప్పటికి ఆచారం పోయింది. తెరను రాత్రింబవళ్లు వెలిగించి పెట్టడం ఇప్పుడు మామూలైంది. పెద్దలు చెప్పినవన్నీ తప్పనో, చెప్పినవన్నీ ఒప్పనో అనేవాళ్లకు ఇది రెండు వైపులా ఇబ్బంది కలిగించే ఉదాహరణ. మన సభ్యులు ఇళ్లలో, బడుల్లో మాట్లాడేటప్పుడు దీన్ని వాడుకోవాలని నా కోరిక. బూడిదరంగు తెర పరీక్షకు పైసా ఖర్చు లేదు, పిల్లలు కూడా చేయగలరు. చేసేముందు ఏమి కనిపిస్తుందో కాగితం మీద వాళ్లచేతే రాయించండి.